మూడేళ్లు ఫ్రీబీఎస్‌డీతో కాపురం

ఆఫీసులో మా సర్వర్లు ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్, లినక్స్ లాంటిదే) మీద నడిచేవి, నెలల తరబడి వాటి జోలికి ఎవరూ వెళ్లక్కర్లేదు. అంత బుద్ధిగా ఉండేదాన్ని ఇంటికి తెచ్చుకుంటే పోలా అని 2022లో పాత ల్యాప్‌టాప్‌లో దాని 13.1 వెర్షన్ వేశాను.

ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చేది నల్ల తెర, లాగిన్ అడిగే ఒక్క లైను, అంతే. డెస్క్‌టాప్ మనమే పెట్టుకోవాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్, గ్రాఫిక్స్ డ్రైవర్ వేశాను కానీ గ్రాఫిక్స్ వాడుకునే అనుమతి ఇచ్చే వీడియో గ్రూపులో నా యూజర్‌ని చేర్చడం మర్చిపోయాను, వీడియోలు నత్తనడక నడుస్తుంటే ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. కారణం ఫ్రీబీఎస్‌డీ వాళ్ల గైడు హ్యాండ్‌బుక్‌లోనే రాసి ఉంది, చదవనిది నేనే! తెలుగు టైపింగుకి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ ముందే ఉంటుంది, నోటో ఫాంట్లు మాత్రం వేసుకోవాలి, లేకపోతే అక్షరాలకి బదులు డబ్బాలు కనబడతాయి.

నన్ను కట్టిపడేసింది జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్, దాంతో వచ్చే బూట్ ఎన్విరాన్‌మెంట్లు, అంటే తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి దాచుకున్న సిస్టమ్ కాపీలు. ఒకసారి అప్‌గ్రేడ్ చేశాక కొత్త కెర్నల్‌కి (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) పాత గ్రాఫిక్స్ డ్రైవర్ పొసగక తెర బిగుసుకుపోయింది, పొద్దున్నే మీటింగ్, టెన్షన్. రీబూట్ చేసి బూట్ మెనూలో ముందు రోజు సిస్టమ్‌ని ఎంచుకున్నాను, రెండు నిమిషాల్లో ఏమీ జరగనట్టే లేచి కూర్చుంది.

ఇక వైఫై... డ్రైవర్ ఉంది, కానీ పాతకాలపు వైఫై ప్రమాణం 802.11జీ వేగానికి మించేది కాదు, ఇంట్లో 100 ఎంబీపీఎస్ లైనున్నా నాకు పాతిక దాటేది కాదు. చాలాకాలం ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ మీదే లాగించాను. 2025 జూన్‌లో వచ్చిన 14.3 వెర్షన్‌తో ఆ బాధ చాలావరకు తీరింది. మూత వేస్తే నిద్రపోతుంది, తెరిస్తే లేస్తుందో లేదో ఆ రోజు మన అదృష్టం. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో కుస్తీ పట్టీ పట్టీ వైరు హెడ్‌సెట్ కొనుక్కున్నాను.

వింతేమిటంటే నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీదే, అదే నెట్‌ఫ్లిక్స్‌ని ఇందులో చూడడానికి మాత్రం నేను లినక్స్ బ్రౌజర్‌ని వేరే పొరలో నడిపించాల్సి వచ్చింది.

ఇప్పుడు టేబుల్ మీది పీసీలో కూడా ఇదే వేశాను, వైరు నెట్, నిద్రపుచ్చే పని లేదు, అక్కడ హాయిగా ఉంది. ఊళ్లు తిరిగే ల్యాప్‌టాప్‌లోంచి మాత్రం తీసేసి డెబియన్ అనే లినక్స్ పెట్టాను. డిజిటల్ సంతకం టోకెన్‌తో (యూఎస్‌బీలో పెట్టే తాళం లాంటిది) పని పడినప్పుడు ఈ రెండిట్లోనూ నాకు కుదరలేదు, మా ఆవిడ విండోస్ ల్యాప్‌టాప్ అడగాలి, ఆవిడ ఇస్తూ ఓ నవ్వు నవ్వుతుంది.