గీతలు పోలేదు, కాళ్ల బరువు తగ్గింది: కంప్రెషన్ మేజోళ్లతో మూడేళ్లు

రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. ఒకరోజు చీలమండ పక్కన సన్నని నీలి గీత కనిపిస్తే పెన్ను గీసుకుందేమో అనుకుని సబ్బుతో రుద్దాను. పోలేదు. కొన్ని నెలల్లో దాని చుట్టూ ఎర్రని పాయలు పుట్టి సాలెగూడులా అల్లుకున్నాయి. సాయంత్రమయ్యేసరికి పిక్కలు రాళ్లు కట్టినట్టు బరువెక్కేవి.

డాక్టరు డాప్లర్ స్కాన్ తీయించారు, నాళాల్లో రక్తం ఎటు పారుతోందో అది చూపిస్తుంది. లోపలి పెద్ద సిరల్లో కవాటాలు బాగానే ఉన్నాయి, రక్తం కిందికి జారడం లేదు. చర్మం కిందే ఉండే, ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా లేని ఈ రక్తనాళాలను స్పైడర్ వెయిన్స్ అంటారట. మూడు మిల్లీమీటర్లు దాటి, ఉబ్బి మెలికలు తిరిగేవి వెరికోస్ వెయిన్స్. నావి ఉంచుకున్నా ప్రమాదం లేదని, చూడటానికి ఇబ్బందిగా ఉంటే తీయించుకోవచ్చని చెప్పారు. కాళ్ల బరువుకు మాత్రం కంప్రెషన్ మేజోళ్లు, అంటే కాలిని బిగుతుగా పట్టి ఉంచే సాక్సులు, రాశారు. అంతకుముందు పాదాల్లో నాడి చూశారు. కాళ్లకు రక్తం తెచ్చే ధమనులు బాగా మూసుకుపోయినవారికి ఈ బిగుతు మంచిది కాదు.

మోకాలి కింది వరకు వచ్చేవి, 20–30 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఉన్నవి తీసుకున్నాను. చీలమండ దగ్గర పట్టు ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ తక్కువ. ఆ తేడా రక్తం పైకి వెళ్లడానికి సాయపడుతుంది. చెప్పుల సైజు చూసి కొనడం నా మొదటి తప్పు. ఆ జత పై అంచు మడతపడి మోకాలి కింద తాడు కట్టినట్టు ఎర్రని గాడి చేసింది. చీలమండ, పిక్క చుట్టుకొలతలు పొద్దున్నే, వాపు రాకముందే కొలిచి తీసుకున్న రెండో జతతో ఆ బాధ పోయింది.

తొడుక్కోవడం ఒక విద్య. మామూలు సాక్సులా పైనుంచి లాగితే సగంలోనే చెమట పడుతుంది. మడమ వరకు లోపలివైపు బయటికి తిప్పి, ముందు పాదం దూర్చి, మడమ సరిగ్గా కూర్చున్నాక మిగతాది కొంచెం కొంచెంగా పైకి సర్దాలి. గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుంటే వేళ్లు జారవు, గోళ్లు తగలవు. నా ఉంగరం తగిలి ఒక జతకు దారం లేచింది, అంతే, వారంలో చిరుగు. చేత్తో ఉతికి నీడలో ఆరేస్తున్నా ఆరు నెలలకు సాగిపోతాయి. సులువుగా ఎక్కుతున్నాయంటే పని అయిపోయినట్టే. ఎండాకాలంలో దురద, చెమట తప్పవు. ఆ రెండు నెలలు వీటిని తిట్టుకోని రోజు లేదు.

ఫలితం? మొదటి వారంలోనే సాయంత్రపు బరువు సగానికి తగ్గింది. రాత్రి చీలమండల మీద సాక్సు అచ్చు పడటం ఆగింది. గీతలు మాత్రం ఒక్కటీ చెరగలేదు. మేజోళ్లు ఉన్న గీతలను చెరపవు. పెట్టె మీద బొమ్మ చూసి చెరిపేస్తాయని నమ్మడం నా అమాయకత్వం.

అందుకే రెండో ఏట స్క్లెరోథెరపీ చేయించుకున్నాను. వెంట్రుకంత సూదితో గీతలోకి మందు ఎక్కిస్తారు. నాకు వాడింది పోలిడోకనాల్. మందు వెళ్తుంటే నీలి గీత నా కళ్ల ముందే తెల్లబడి మాయమైంది. అది చూసి సంబరపడ్డాను. మందు నాళం లోపలి పొరను దెబ్బతీస్తుంది, గోడలు అతుక్కుపోతాయి, ఆ తర్వాత శరీరమే దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. అంటే ఫలితానికి వారాలు పడుతుంది. నొప్పి చీమ కుట్టినంతే. కానీ మొదటి పది రోజులు గీతలు ముందుకన్నా ముదురుగా కనిపించి గుండె జారింది. రెండుసార్లు చేశాక చాలావరకు పోయాయి. ఒకచోట గోధుమరంగు మరక మిగిలింది. నాళంలోంచి బయటికి వచ్చిన రక్తంలోని ఇనుము వల్ల అలా అవుతుందట. అది పల్చబడటానికి దాదాపు ఏడాది పట్టింది. ఈ సంగతి ముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. కాగితంలో ఉంది, సంతకం పెట్టేటప్పుడు ఎవరు చదువుతారు? గర్భిణులకు ఈ చికిత్స చేయరు. సూది దూరనంత సన్నని వాటికి లేజర్ ఉంది గానీ, నా చామనఛాయకు మచ్చ పడే అవకాశం ఎక్కువని డాక్టరే వద్దన్నారు.

మేజోళ్లకు ఐదుకు నాలుగు, సూదులకు మూడు ఇస్తాను. నిలబడే ఉద్యోగమైతే మేజోళ్లు ముందు కొనండి. సూదుల సంగతి స్కాన్ చూశాక, అద్దం ముందు నిజంగా బాధగా ఉంటేనే ఆలోచించండి. చికిత్స పాతవాటినే తీసేస్తుంది, కొత్తవి పుట్టకుండా ఆపదు. ఎడమ చీలమండ దగ్గర మళ్లీ ఒక గీత మొదలైంది. ఈసారి సబ్బుతో రుద్దలేదు.