కాక్టస్ అని ఇచ్చారు, జెముడు వచ్చింది

కడప ఊరి చివర నర్సరీ ఇది. మొక్కలు బలంగా ఉంటాయి, ధరలూ పర్వాలేదు. పేర్ల దగ్గరే చిక్కు. 'కాక్టస్' చీటీ ఉన్న కుండీ తెచ్చుకున్నా. ఇంట్లో కొమ్మ కొస విరిగితే చిక్కటి తెల్లపాలు కారాయి. ముళ్లేమో జంటలు జంటలుగా ఉన్నాయి, వాటి అడుగున కాక్టస్‌కుండే నూగు మెత్తలు లేవు. అంటే ఇది యుఫోర్బియా, మన బొమ్మజెముడు జాతి. ఆముదం, కర్రపెండలం, రెడ్డివారి నానుబాలు అన్నీ ఈ కుటుంబమే. ఆముదానికి తెల్లపాలు రావు. అయినా దాని మూడు గదుల కాయే ఈ కుటుంబమని చెప్పే గుర్తు. నాగజెముడు మాత్రం పేరులో జెముడున్నా కాక్టసే.

పేరు తప్పితే ఏమిటంటారా? ఈ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు. వెళ్లి చెబితే అక్కడి అన్న ఓపిగ్గా విని, ఆ చీటీ అప్పుడే మార్చాడు. పక్క వరుసలో మాత్రం ఇంకా 'కాక్టస్' అనే ఉంది.