ఆటగాళ్లను కొనాలా, స్టేడియం కట్టాలా?

టెన్నిస్ ఆడి, ఆ తర్వాత టోర్నీలు నడిపే వ్యాపారంలోకి దిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో జాక్ క్రామర్‌ది ఒక దారి, చార్లీ పాసరెల్‌ది ఇంకో దారి.

క్రామర్ 1947 వింబుల్డన్ విజేత. డబ్బు తీసుకుని ఆడేవాళ్లను అప్పట్లో వింబుల్డన్ గడప తొక్కనిచ్చేవారు కాదు. అయినా అదే ఏడాది డిసెంబర్ 26న ప్రొఫెషనల్‌గా తొలి మ్యాచ్ ఆడాడు. న్యూయార్క్ మొత్తం మంచులో కూరుకుపోయి ఉంది. అంత మంచులోనూ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియానికి 15 వేల మందికి పైగా వచ్చారు. ఆ రోజు బాబీ రిగ్స్ చేతిలో ఓడిపోయాడు గానీ, ఆ జనాన్ని చూశాక టికెట్ల వ్యాపారం మీద మనసు పడకుండా ఉంటుందా! 1950ల్లో తనే ప్రమోటర్ అయ్యాడు. పేరున్న ఛాంపియన్‌కు పెద్ద మొత్తం చూపించి తనవైపు తిప్పుకోవడం, చుట్ట చుట్టిన కాన్వాస్ కోర్టును ట్రక్కులో వేసుకుని ఊరూరా తిప్పడం. అచ్చం సర్కస్ కంపెనీయే.

చిక్కల్లా సరుకు మనుషులు కావడమే. వరసగా ఓడేవాడి కోసం టికెట్ ఎవరు కొంటారు? క్రామర్ తను ఆడే రోజుల్లో పాంచో గొంజాలెజ్ అనే ఆటగాణ్ని ఒకే టూర్‌లో 96-27 మ్యాచ్‌ల తేడాతో చితక్కొడితే, అతను కొన్నేళ్లు దాదాపు కనుమరుగైపోయాడు. తిరిగొచ్చి అందరినీ ఓడించడం మొదలుపెట్టాక, తనను కట్టేసిన కాంట్రాక్టు చెల్లదంటూ కోర్టుకెక్కాడు. గెలిచినా తలనొప్పే, ఓడినా తలనొప్పే. 1968లో పెద్ద టోర్నీలు ప్రొఫెషనల్స్‌కు తలుపులు తీశాక ఇలాంటి ట్రూపులకు కాలం చెల్లింది.

పాసరెల్ 1969 వింబుల్డన్‌లో 41 ఏళ్ల ఆ గొంజాలెజ్‌తోనే 112 గేములు ఆడి, ఏడు మ్యాచ్ పాయింట్లు (ఇంకొక్క పాయింటు వస్తే గెలుపే అనే అవకాశాలు) చేజార్చుకుని ఓడాడు. ఆ ఓపికే తర్వాత పనికొచ్చిందేమో! కాలిఫోర్నియా ఎడారిలో ఒక్క టోర్నీనే పట్టుకుని, 2000 నాటికి ఇండియన్ వెల్స్‌లో 16 వేల సీట్ల స్టేడియం లేపాడు. అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 2009లో టోర్నీ సాఫ్ట్‌వేర్ కుబేరుడు లారీ ఎలిసన్ చేతికి వెళ్లింది. అయినా నా ఓటు పాసరెల్‌కే. యజమాని మారినా టోర్నీ అక్కడే నడుస్తోంది, ఛాంపియన్లు వాళ్లంతట వాళ్లే వస్తున్నారు.

అలాగని టోర్నీ చేతిలో ఉంటే ఇష్టారాజ్యం అనుకోకండి. మాడ్రిడ్ టోర్నీ అప్పటి యజమాని అయాన్ తిరియాక్, తనూ ఒకప్పటి ఆటగాడే, 2012లో కోర్టుకు నీలం మట్టి పరిపించాడు. కాళ్లు జారుతున్నాయని నాదల్, జొకోవిచ్ మండిపడ్డారు. పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే ఏటీపీ వద్దంది. మరుసటి ఏడాది మళ్లీ ఎర్రమట్టే.