రష్యాకు వెళ్లే ఉత్తరంలో విచారమా, క్షమాపణా? ఏది మేలు?

ఒడిశాలోని సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కర్మాగారం 1960లలోనే వచ్చింది కాబట్టి కొరాపుట్ జిల్లాకు రష్యన్ కాగితాలు కొత్త కాదు. ఇప్పుడు ఆ దేశానికి ఉత్తరాలు రాసేది ఫ్యాక్టరీలే కాదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం తెలుగిళ్లలో పిల్లల్ని అక్కడ వైద్యం చదివిస్తున్నవాళ్లు ఉన్నారు. ఫీజు గడువు దాటినా, పెట్టె పగిలి చేరినా, పత్రంలో పేరు తప్పు పడినా మర్యాదైన ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి, దానికి రష్యన్ అనువాదం జతచేయాలి. ఆ ఉత్తరంలో కొంప ముంచగలిగేది ఒక్క వాక్యమే: జరిగినదానికి బాధపడుతున్నామని చెప్పే వాక్యం.

ఇంగ్లీషు దౌత్యభాషలో దానికి రెండు మెట్లున్నాయి. కిందిది రిగ్రెట్, పైది అపాలజీ. మన తెలుగు పత్రికలు 'విచారం వ్యక్తం చేశారు' అనీ, 'క్షమాపణ చెప్పారు' అనీ వేరువేరుగా రాసేది ఈ తేడానే. ఒడియా పత్రికల్లో 'దుఃఖ ప్రకాశ', 'ఖ్యమా ప్రార్థనా' అన్నా అంతే. మొదటిదాంట్లో జరిగింది బాధాకరం అన్నంత వరకే ఉంటుంది. రెండోదాంట్లో తప్పు మాది అన్న ఒప్పుకోలు కలుస్తుంది. 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరిసా మే జలియన్‌వాలాబాగ్ గురించి పార్లమెంటులో మాట్లాడుతూ తీవ్ర విచారం దగ్గరే ఆగారు. 2016 మే 18న కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో 1914లో భారతీయ ప్రయాణికులను దిగనివ్వకుండా తిప్పిపంపిన కొమగాట మారు ఓడ విషయంలో తమ పార్లమెంటులో పూర్తి క్షమాపణే చెప్పారు. రెండూ మనవాళ్లకు జరిగిన అన్యాయాలే, రెండింటిలోనూ మాటలు ఆచితూచి వాడినవే. ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ సంఘం 2001లో ఖరారు చేసిన దేశాల బాధ్యతల నిబంధనల్లో 37వ అధికరణం కూడా ఉల్లంఘనను ఒప్పుకోవడం, విచారం తెలపడం, లాంఛనంగా క్షమాపణ చెప్పడం అని మూడింటినీ విడివిడిగానే పేర్కొంది.

రష్యన్‌లోనూ ఈ రెండు మెట్లూ ఉన్నాయి. అందుకే ఈ అనువాదం చేయదగినదే. 'విరజాయెమ్ సజలేనియె' అంటే విచారం తెలుపుతున్నాం. 'ప్రినోసిమ్ ఇజ్వినేనియా' అంటే క్షమాపణలు చెప్పుకుంటున్నాం. రిగ్రెట్‌కు మొదటిది, అపాలజీకి రెండోది, అంతే. చిక్కు వచ్చేది సారీ దగ్గర. ఇంగ్లీషులో ఎవరైనా చనిపోతే సారీ, కాలు తొక్కితే సారీ. రష్యన్ అనువాదకుడు ఏదో ఒక వైపుకు దిగాల్సిందే, ఎటు దిగాలో మీరు చెప్పకపోతే అతనే తేల్చేస్తాడు. కాబట్టి లాంఛనమైన ఉత్తరంలో సారీ రాయకండి.

సారీకి దగ్గరి మాట రష్యన్‌లోనూ ఒకటుంది: 'ఇజ్వినీతె'. మన్నించండి అని నేరుగా మనిషితో అనే మాట. 2015 నవంబరు 24న సిరియా సరిహద్దులో టర్కీ ఒక రష్యన్ సు-24 విమానాన్ని కూల్చింది. 2016 జూన్‌లో టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ పుతిన్‌కు ఉత్తరం పంపితే, అందులో 'ఇజ్వినీతె' ఉందని క్రెమ్లిన్ ప్రకటించింది. చనిపోయిన పైలట్ కుటుంబం ఏమీ అనుకోవద్దని కోరినట్టుగా టర్కీ తమ భాషలో చెప్పుకుంది. లాంఛన క్షమాపణ కంటే తక్కువ, ఒట్టి విచారం కంటే ఎక్కువ అయిన ఆ మాటతో ఇద్దరి పనీ జరిగింది. అది దేశాధినేతల మధ్య ఎంతో ఆలోచించి ఎంచుకున్న మాట. కాలేజీ డీన్‌కో, కంపెనీకో రాసే ఉత్తరంలో అది చనువుగా వినిపిస్తుంది. దానికంటే అధ్వానం 'ఇజ్వినాయుస్'. నిఘంటువులో క్షమాపణ చెబుతున్నాను అనే ఉంటుంది, కానీ అది వీధిలో భుజం తగిలినప్పుడు అనే మాట.

మరి ఏది మేలు? తప్పు మీదే అయి, మీకూ తెలిసి ఉంటే క్షమాపణే మేలు. ఫీజు కట్టడం ఆలస్యమైంది, కారణం మీ బ్యాంకు బదిలీ. అప్పుడు 'ప్రినోసిమ్ వామ్ ఇజ్వినేనియా జా జదేర్ష్కు అప్లాతి అబుచేనియా' అని రాసేయండి: చదువు రుసుము చెల్లింపులో ఆలస్యానికి మీకు క్షమాపణలు. ఇక్కడ విచారం రాస్తే తప్పించుకుంటున్నట్టే ఉంటుంది. పైగా అవతలి గుమాస్తాకు కావలసింది బాధ్యత ఎవరిదో తేలిన కాగితం, అది ఉంటే ఫైలు కదులుతుంది.

సరుకు దెబ్బతింది, ఓడలోనో గోదాములోనో ఇంకా తేలలేదు. ఇక్కడ విచారమే మేలు: 'విరజాయెమ్ సజలేనియె వ్ స్వ్యజీ స్ పవ్రెజ్దేనియెమ్ గ్రూజా', అంటే సరుకు దెబ్బతిన్న సందర్భంగా విచారం తెలుపుతున్నాం. వ్యాకరణం కూడా ఇక్కడ సాయం చేస్తుంది. క్షమాపణ తర్వాత వచ్చే 'జా' ఫలానా పనికి అని వేలుపెట్టి చూపిస్తుంది. విచారం తర్వాత వచ్చే 'వ్ స్వ్యజీ స్' ఫలానా సందర్భంలో అని కాస్త దూరంగా నిలబడుతుంది. విచారానికి 'జా' తగిలిస్తే వాక్యం రష్యన్ చెవికి తప్పుగా వినిపించడమే కాదు, తప్పు ఒప్పుకోబోయి ఆగినట్టు కూడా ఉంటుంది.

బాకీ డబ్బు సంగతి వస్తే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. 1963 నాటి మన కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ ప్రకారం, గడువు తీరకముందు బాకీని ఒప్పుకుంటూ సంతకం పెట్టి రాసిన కాగితం ఉంటే ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ఇంత మొత్తం ఇంకా చెల్లించనందుకు క్షమాపణలు అని రాస్తే ఆ పని జరిగిపోవచ్చు. మొత్తం మీద వివాదం ఉంటే అంకె రాయకండి, ఉత్తరాలు నడవడంలో జరిగిన ఆలస్యానికి మాత్రమే క్షమాపణ చెప్పండి.

క్షమాపణ దేనికి చెబుతున్నామన్నది మాట ఎంపిక కంటే పెద్ద విషయం. 2024 డిసెంబరు 25న రష్యా గగనతలంలో దెబ్బతిన్న అజర్‌బైజాన్ విమానం కజకిస్తాన్‌లో కూలింది. మూడు రోజుల తర్వాత పుతిన్ ఆ దేశాధ్యక్షుడు అలియేవ్‌కు ఫోన్‌లో క్షమాపణలు చెప్పారని క్రెమ్లిన్ ప్రకటించింది. ఆ ప్రకటనలో క్షమాపణ చెప్పింది దుర్ఘటన రష్యా గగనతలంలో జరిగినందుకు. కూల్చింది ఎవరన్న మాట అందులో లేదు. పై మెట్టు మాటనే వాడి, దాని పరిధిని కుదించారు. ఉత్తరం రాసే ఎవరైనా ఈ వాక్య నిర్మాణాన్ని చదివి నేర్చుకోవాల్సిందే.

ఒక్కచోట మాత్రం మెట్టు మారినా ఫర్వాలేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాం అని మన స్టేషన్లలో వినిపించే మాటకు ఇంగ్లీషులో రిగ్రెట్ ఉంటుంది. రష్యన్‌లో దానికి అలవాటైన మాట క్షమాపణే: 'ప్రినోసిమ్ ఇజ్వినేనియా జా ప్రిచిన్యోన్నియె నిఉదోబ్స్త్వా'. నోటీసులో, మామూలు వ్యాపార ఉత్తరంలో ఇదే సహజం. దౌత్యపత్రంలోనో, కోర్టుకు వెళ్లగల తగాదాలోనో మాత్రం ఇలా మెట్టు ఎక్కించకూడదు.

మరణవార్త వస్తే ఈ రెండూ కావు. 'గ్లుబోకియె సబలేజ్నవనియా', ప్రగాఢ సంతాపం. సానుభూతికి ఇంగ్లీషు సింపతీ ఉంది కదా అని 'సింపాతియా' రాస్తే ఘోరం. రష్యన్‌లో దానికి అర్థం ఇష్టం, ఆకర్షణ. కావలసిన మాట 'సచూస్త్వియె'. ఇక 'క్ సజలేనియు' దురదృష్టవశాత్తూ అనే ఊతమాట, విచార ప్రకటన కాదు. రష్యా నుంచి వచ్చిన ఉత్తరంలో అది కనబడితే వాళ్లు విచారం తెలిపారని ఫైల్లో రాసుకోకండి.

సంబోధన మీద రెండు మాటలు. వ్యక్తికి రాస్తే 'ఉవజాయెమియ్', అంటే గౌరవనీయులైన, అని మొదలుపెట్టి పేరు, తండ్రి పేరు నుంచి వచ్చిన రెండో పేరు రాసి ఆశ్చర్యార్థకం పెట్టాలి. ప్రియమైన అనే 'దరగోయ్' దగ్గరివాళ్లకే. ఒక్కరికే రాస్తున్నప్పుడు మీరు అనే మాటను పెద్దక్షరంతో రాస్తారు, సంస్థకు రాస్తే చిన్నక్షరమే.

చివరి ఎంపిక: రష్యన్ ప్రతి మనం పంపాలా, వాళ్లనే చేసుకోనివ్వాలా? 2001 ఏప్రిల్‌లో చైనా ద్వీపం హైనాన్ దగ్గర అమెరికా, చైనా విమానాలు ఢీకొన్నప్పుడు అమెరికా ఇంగ్లీషులో వెరీ సారీ అని రాసిచ్చింది. చైనా దాన్ని తన భాషలో బరువైన మాటతో తమవాళ్లకు వినిపించుకుంది. ఆ సందిగ్ధం వల్లే చైనా పట్టి ఉంచిన అమెరికా విమాన సిబ్బంది విడుదలయ్యారు కాబట్టి ఒక్కోసారి అనువాదం అవతలివాళ్లకే వదలడం మంచిది. కానీ అది రెండు ప్రభుత్వాలకూ తెలిసి జరిగిన సర్దుబాటు. మామూలు ఉత్తరానికి నా ఓటు మన ప్రతి మనమే పంపడానికి. పైన 'నిఅఫిత్సియాల్నియ్ పెరెవోద్', అంటే అనధికార అనువాదం, అని వేయండి. తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని కింద ఒక వాక్యం రాయండి. రెండు ప్రతులకూ ఒకే తేదీ, ఒకే నంబరు ఉండాలి. పంపేముందు ఇంగ్లీషు చూడని మనిషి చేతికి రష్యన్ ప్రతి ఇచ్చి తెలుగులోకో ఒడియాలోకో నోటితో చెప్పించండి. తప్పు ఎవరిదని రాసి ఉందో అడగండి. అతను చెప్పిన జవాబు మీరు ఉద్దేశించినదే అయితే సంతకం పెట్టండి.