జముకుల కథకి, తప్పెటగుళ్ళకి జూమ్ హెచ్1ఎన్ రికార్డర్ సరిపోతుందా?

విశాఖలో చదువుకుంటూ, ఎం.ఏ. ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో జముకుల కథ (జముకు అనే తీగ వాద్యం మీటుతూ పాడే కథ), తప్పెటగుళ్ళు (ఛాతీకి తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే ఆట) లాంటి ఉత్తరాంధ్ర జానపద సంగీతం ఎంచుకున్నవాళ్ళకి ముందు కావలసింది రికార్డర్. 2018లో వచ్చిన ఈ జూమ్ హెచ్1ఎన్ ఆ పనికి చాలు. బ్యాటరీలు కాక 60 గ్రాములే కనక, కిరండూల్ ప్యాసింజర్లో అరకు వెళ్ళేటప్పుడు చొక్కా జేబులో పడేసుకోవచ్చు. కాకపోతే దీని మీద సాయానికని పెట్టిన బటన్లలో సగం మనం ముట్టుకోకూడనివే.

ఆటో లెవెల్ సంగతే చూడండి. తప్పెట మీద గట్టి దెబ్బ పడగానే అది మైకుని తగ్గించేస్తుంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య మళ్ళీ పెంచుతుంది. పెద్ద దెబ్బకీ చిన్న దెబ్బకీ ఉన్న తేడా ఫైల్లో చదునైపోతుంది. లయ గురించి రాయబోయేవాడికి కావలసింది ఆ తేడాయే కదా! లో కట్ ఇంకా మోసం. గాలి రొద పోతుందని నొక్కితే 80, 120, 160 హెర్ట్జ్‌లలో మనం ఎంచుకున్న గీత కిందున్న ధ్వనినంతా తగ్గించేస్తుంది. జముకు తీగ మీటినప్పుడు వచ్చే గుమ్మనే నాదంలో అడుగు భాగం దాంతోనే పోతుంది. గాలికి బొచ్చు తొడుగు విడిగా కొనుక్కోండి. బీచ్ రోడ్డులో అది లేకుండా రికార్డింగ్ మొదలుపెట్టడం దండగ.

ఫార్మాట్ వేవ్, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. ధ్వని ఆర్కైవుల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌ఏ చెప్పే కనీస ప్రమాణం అదే. గంటకి ఒక జీబీ పైచిలుకు తింటుంది, 32 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డులో దాదాపు 30 గంటలు పడుతుంది. అంతకన్నా పెద్ద కార్డు కొనకండి, ఈ మోడల్ తీసుకోదు. ఫైలు 2 జీబీకి చేరితే, అంటే రెండు గంటలు దాటగానే, ఇంకో ఫైలు మొదలవుతుంది. రాత్రి సాగే కథలకి ఆ అతుకు ఎక్కడ పడిందో నోటు పుస్తకంలో రాసుకోండి. రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు పది గంటలు వస్తాయని కంపెనీ మాట. ఇంకో జత సంచిలో ఉండాల్సిందే.

బాడీ ప్లాస్టిక్. చేత్తో పట్టుకుంటే వేళ్ళ రాపిడి పాట కన్నా ముందు వినపడుతుంది. ట్రైపాడ్ మర ఉంది, దాన్ని వాడండి. జముకుల కథకైతే మీటరు, మీటరున్నర దూరంలో, కథకుడి ఛాతీ ఎత్తున, నోటికీ జముకుకీ మధ్యకి గురిపెట్టండి. వంతల (కథకుడికి వంత పాడేవాళ్ళ) గొంతులు స్టీరియోలో చెరోపక్కా విడిగా తెలుస్తాయి. లెవెల్ మాత్రం మామూలు పాటకి కాక, అందరూ ఒక్కసారి ఎత్తుకునే చోటికి చూసి పెట్టాలి. ఆ ఉధృతిలో తెర మీది లెవెల్ మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. 24 బిట్‌లో కొంచెం తక్కువైనా తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన ధ్వనిని బాగుచేయలేం. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినకుండా డయల్ తిప్పకండి.

తప్పెటగుళ్ళ దగ్గర దీని బలహీనత బయటపడుతుంది. మైకు 120 డెసిబెల్స్ వరకే తట్టుకుంటుంది. ఛాతీ మీద రేకు తప్పెటలు, కాళ్ళకి గజ్జెలు కట్టిన దళం పక్కనే నిలబడితే, డయల్ ఎంత తగ్గించినా ధ్వని మైకులోనే పగలొచ్చు. నాలుగైదు మీటర్లు వెనక్కి రండి. అరకు గిరిజనుల థింసా నృత్యంలో వలయం తిరుగుతూ ఉంటుంది కనక వాద్యాలవాళ్ళ వైపు మైకు నిలిపి, నర్తకుల పాటకి ఇంకో రికార్డర్ పెట్టడం మేలు. దీనికి ఎక్స్‌ఎల్‌ఆర్ మైకులు (స్టూడియోల్లో వాడే మూడు పిన్నుల ప్లగ్గువి) నేరుగా తగిలించడం కుదరదు.

రికార్డింగ్ మొదట్లోనే తేదీ, ఊరు, కళాకారుల పేర్లు, వాళ్ళ సమ్మతి వాళ్ళ నోటితోనే చెప్పించండి. కాగితం పోయినా అది ఫైల్లో ఉంటుంది. గడియారం ముందే సరిచేసుకోకపోతే ఫైళ్ళ తేదీలన్నీ తప్పే. రాత్రికే రెండు చోట్ల కాపీలు తీయండి. అసలు ఫైలు జోలికి పోకుండా కాపీనే ఆడాసిటీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లోనో, ధ్వనిని బొమ్మగా చూపించే, ఉచితంగా దొరికే సోనిక్ విజువలైజర్లోనో తెరవండి.

తప్పెటగుళ్ళే మీ ప్రధాన విషయమైతే 2024లో వచ్చిన హెచ్1 ఎసెన్షియల్ చూడండి. చాలా చిన్న ధ్వని నుంచి చాలా పెద్ద ధ్వని దాకా ఒకేసారి ఫైల్లో పట్టే 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి లెవెల్ డయలే లేదు. దాని మైకు హద్దు కూడా 120 డెసిబెల్సే, అంచేత ఆ నాలుగైదు మీటర్లు దానితోనూ తప్పవు.