జాగ్రత్త: కొత్తదని అమ్మిన రౌటర్‌లో వైఫై వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం రాలేదు

ఆన్‌లైన్‌లో రౌటర్ కొనబోతున్నవారి కోసం, అందులోనూ వెబ్‌సైట్ వాళ్లు నేరుగా కాకుండా వేరే అమ్మకందారు పంపే సరుకు కొనబోతున్నవారి కోసం, ఈ హెచ్చరిక రాస్తున్నాను. కొత్తదని చెప్పి నాకు పంపిన రౌటర్ కొత్తది కాదు. ఏదో ఒక ఇంటర్నెట్ కంపెనీ తన చందాదారులకు ఇవ్వడం కోసం ప్రత్యేకంగా తయారు చేయించుకున్న పెట్టె అది. ఆ కంపెనీ లైనుకు తప్ప మరో లైనుకు పని చేయకుండా దాని సెట్టింగులు లోపలే బిగించి ఉన్నాయి. ఈ సంగతి నాకు తెలిసేసరికి సరుకు వాపసు ఇవ్వడానికి ఉన్న పది రోజుల గడువు దాటిపోయింది. ఆ పది రోజులూ ఎలా పోయాయో, వాటిలో మొదటి సాయంత్రమే నేను చూడవలసి ఉండి చూడనివి ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి పెట్టె మరొకరి ఇంటికి వచ్చినా లక్షణాలు దాదాపు ఇవే ఉంటాయి.

పాత రౌటర్ పాడైపోవడంతో ఇది తెప్పించాను. పెట్టె సీలుతోనే వచ్చింది. ఓఎన్‌టీ (ఫైబర్ లైను ఇంట్లోకి వచ్చి చేరే చిన్న పెట్టె) నుంచి వచ్చే కేబుల్‌ను దీని వ్యాన్ పోర్టులో, అంటే బయటి లైను తగిలించే చోట, పెట్టి ఆన్ చేశాను. ఫోన్‌లో వైఫై పేరు కనిపించింది, పాస్‌వర్డ్ తీసుకుంది, గీతలు నిండుగా వచ్చాయి, వాటి కిందే ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’ అని కూడా వచ్చింది. నిండుగా ఉన్న ఆ గీతలను చూసి రౌటర్ బాగానే ఉందని నేను అనుకోవడమే మొదటి పొరపాటు. ఆ గీతలు ఫోన్‌కూ రౌటర్‌కూ మధ్య సిగ్నల్ ఎంత బలంగా ఉందో మాత్రమే చెబుతాయి. రౌటర్‌కు అవతల ఉన్న లైను గురించి వాటికి ఏమీ తెలియదు. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైలో చేరగానే గూగుల్ సర్వర్‌లోని ఒక చిన్న చిరునామాను అడిగి చూస్తుంది. 204 అనే కోడ్‌తో ఖాళీ జవాబు వస్తే నెట్ ఉన్నట్టు, ఏ జవాబూ రాకపోతే లేనట్టు లెక్క వేసుకుంటుంది. కాబట్టి ఆ సందేశం వల్ల మనకు తెలిసేది నెట్ అందడం లేదన్న విషయం ఒక్కటే. ఎక్కడ ఆగిపోయిందో మనమే వెతుక్కోవాలి.

నేను వెతకకుండా, మూడు రోజులపాటు రౌటర్‌ను ఆపి ఆన్ చేస్తూ, కేబుళ్లు మారుస్తూ గడిపాను. మూడో రోజు అమ్మకందారుకు సందేశం పంపితే, వైఫై వస్తోంది కాబట్టి రౌటర్‌లో లోపం లేదని, లైను ఇచ్చిన కంపెనీని అడగమని జవాబు వచ్చింది. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే, తమ వైపు లైను ఆన్‌లో ఉన్నట్టు కనిపిస్తోందని, రౌటర్‌నే చూసుకోమని అన్నారు. ఐదో రోజు వాళ్ల టెక్నీషియన్ వచ్చి, రౌటర్ కేబుల్ తీసి తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకుంటే నిమిషంలో నెట్ వచ్చింది. దాంతో లైను బాగుందని తేలింది. అయినా నేను అమ్మకందారు చెప్పిన మాట పట్టుకుని మరో ఐదు రోజులు పోగొట్టుకున్నాను. ముందు రీసెట్ చేయమన్నారు, తర్వాత ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అన్నారు, ఎనిమిదో రోజున పై బృందానికి పంపామని, నలభై ఎనిమిది గంటలు ఆగమని అన్నారు. పదకొండో రోజున వచ్చిన జవాబులో ఒక్కటే వాక్యం ఉంది: వాపసు గడువు ముగిసింది.

కావాలనే గడువు దాటించారని నేను రుజువు చేయలేను. కాని గడువు ఉన్న సరుకు విషయంలో ‘ఇంకో రెండు రోజులు ఆగండి’ అన్న మాటకు తలూపే ముందు, వాపసు అభ్యర్థనను వెబ్‌సైట్‌లో నమోదు చేసి ఉంచాలి. తర్వాత రౌటర్ బాగుపడితే దాన్ని రద్దు చేసుకోవచ్చు, గడువు దాటాక మాత్రం కొత్తగా నమోదు చేయడం కుదరదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టెక్నీషియన్ చేసిన ల్యాప్‌టాప్ పరీక్షను ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. ఓఎన్‌టీ మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్న ఎర్ర దీపం వెలుగుతుంటే ఫైబర్‌లోనే వెలుతురు రావడం లేదు. అప్పుడు రౌటర్‌ను తిట్టుకుని లాభం లేదు. ఆ దీపం వెలగకుండా, కంపెనీతో ఫైబర్ సంబంధం కుదిరిందని చూపే పాన్ దీపం నిలకడగా ఉంటే, ఓఎన్‌టీ కేబుల్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి చూడాలి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. కొన్ని కంపెనీలు తమ లైనుకు మొదట తగిలించిన పరికరపు మ్యాక్ అడ్రస్‌ను (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యను) గుర్తుపెట్టుకుని, వెంటనే మరో పరికరం తగిలిస్తే దానికి ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో వాడుకునే అంకెల చిరునామా, ఇవ్వవు. ల్యాప్‌టాప్‌లో చూసిన వెంటనే రౌటర్ పెట్టి ‘ఇంకా రావడం లేదు, రౌటర్‌దే తప్పు’ అనుకుంటే మంచి రౌటర్ మీద కూడా నింద పడుతుంది. అందుకే పరికరం మార్చినప్పుడల్లా ఓఎన్‌టీని ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, మళ్లీ ఆన్ చేయాలి. అప్పటికీ రాకపోతే కంపెనీకి ఫోన్ చేసి కొత్త రౌటర్ మ్యాక్ అడ్రస్ నమోదు చేయమని అడగాలి. నేను ఇవన్నీ చేశాకే రౌటర్‌ను తప్పుపడుతున్నాను.

ఇక రౌటర్ లోపల చూడవలసిన చోటు ఒక్కటే. బ్రౌజర్‌లో 192.168.1.1 అని గాని, 192.168.0.1 అని గాని కొట్టి లాగిన్ అయితే వ్యాన్ స్టేటస్ అనే పేజీ ఉంటుంది. అక్కడ ఐపీ అడ్రస్ దగ్గర 0.0.0.0 అని ఉంటే, రౌటర్ అడుగుతున్నా అవతలి నుంచి చిరునామా రావడం లేదని అర్థం. అక్కడ సరైన చిరునామా ఉండి కూడా సైట్లు తెరుచుకోకపోతే తప్పు చాలావరకు డీఎన్ఎస్‌లో, అంటే సైటు పేరును దాని అంకెల చిరునామాగా మార్చే ఏర్పాటులో, ఉంటుంది. కంప్యూటర్ నుంచి 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కు పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పలకరింపు) వెళ్తూ, పేరు కొట్టిన సైటు మాత్రం తెరుచుకోకపోవడం దానికి గుర్తు. ఓఎన్‌టీ కూడా 192.168.1.1నే వాడుతుంటే రెండు పరికరాలకూ ఒకే చిరునామా పడి గొడవ అవుతుంది. అప్పుడు రౌటర్ లోపలి చిరునామాను 192.168.2.1 వంటి దానికి మార్చుకుంటే సరిపోతుంది. ఇవన్నీ సరిదిద్దుకోగలిగిన లోపాలు. వీటి కోసం సరుకు వాపసు ఇవ్వనక్కరలేదు.

నాకు వచ్చినది 0.0.0.0. కారణం దాని పక్క పేజీలోనే ఉంది. కనెక్షన్ రకం పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే రకం) అని, దాని కింద ఒక వీలాన్ నంబరు, ఆ రెంటి గడులూ బూడిద రంగులో, వేలు పెట్టినా కదలకుండా ఉన్నాయి. వీలాన్ నంబరు అంటే లైను మీద వెళ్లే ప్రతి డేటా పొట్లానికీ వేసే ముద్ర వంటిది. ఆ ముద్ర లేని పొట్లాలను మాత్రమే తీసుకునే నా ఓఎన్‌టీకి ఈ రౌటర్ వేరే కంపెనీ ముద్రతో పొట్లాలు పంపుతోంది. వాటిని అందుకుని జవాబు చెప్పేవారు అవతల లేరు. నా కనెక్షన్‌కు పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అసలు లేవు, ఆటోమేటిక్ ఐపీ కావాలి. రకం మార్చుకోనిస్తే రెండు నిమిషాల పని. ఆ గడి మార్చనివ్వలేదు.

రీసెట్ చేస్తే పోతుందని నేనూ అనుకున్నాను. పిన్నుతో పది సెకన్లకు పైగా నొక్కి పట్టుకున్నాను. దీపాలన్నీ ఒక్కసారి ఆరి మళ్లీ వెలిగాక ఫోన్‌లో వెతికితే, స్టిక్కర్ మీద ముద్రించిన వైఫై పేరు లేదు. దాని స్థానంలో నేను ఎన్నడూ వినని ఒక కంపెనీ పేరుతో మొదలయ్యే మరో పేరు ఉంది. పేరూ పాస్‌వర్డూ స్టిక్కర్ మీద ముద్రించి ఇచ్చే రౌటర్లలో ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత రావలసినది ఆ ముద్రించిన పేరే. అది మారిందంటే స్టిక్కర్ ఈ పెట్టెది కాదు. అడుగున ఉన్న స్టిక్కర్ మూలను గోటితో మెల్లగా లేపాను. దాని కింద మరో స్టిక్కర్ ఉంది, కొద్దిగా పసుపు తిరిగి, ఒక అంచు నలిగి. దాని మీద ఉన్న సీరియల్ నంబరు వేరు, మ్యాక్ అడ్రస్ వేరు, వైఫై పేరు సరిగ్గా రీసెట్ తర్వాత ఫోన్‌లో కనిపించినదే. రౌటర్ పేజీలో చూపిస్తున్న మ్యాక్ అడ్రస్ కూడా కింది స్టిక్కర్‌తోనే కలిసింది.

నిజానికి మొదటి రోజే అనుమానించవలసింది. స్టిక్కర్ మీద ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్‌తో లాగిన్ కావడం లేదని రాస్తే అమ్మకందారు చాట్‌లో వేరే పాస్‌వర్డ్ పంపారు. సీలు విప్పని పెట్టె పాస్‌వర్డ్ అమ్మకందారుకు ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్న నేను ఆ రోజు వేసుకోలేదు.

ఇంటర్నెట్ కంపెనీలు తమ పెట్టెలను ఇలా బిగించుకోవడం తప్పు కాదు. టీఆర్-069 అనే పద్ధతిలో వాళ్లు దూరం నుంచే ఆ పెట్టెలను సరిచేస్తారు, అప్‌డేట్ చేస్తారు. చందాదారు పొరపాటున సెట్టింగులు చెరపకుండా తాళం వేస్తారు. పెట్టె వాళ్ల లైను మీద ఉన్నంతకాలం అది సౌకర్యమే. ఆ పెట్టెను తెచ్చి, కొత్త స్టిక్కర్ అంటించి, ఎవరి లైనుకైనా పనికొస్తుందని అమ్మడమే మోసం. ఇది మరో రకంగా కూడా ప్రమాదమని నా అభిప్రాయం. ఎవరి చేతుల మీదుగానో వచ్చిన రౌటర్‌లో డీఎన్ఎస్ సర్వర్ల చిరునామాలు మార్చి ఉంటే, బ్యాంకు పేరు కొట్టినా వాళ్లు చూపిన చోటికే మనం వెళ్తాం. డీఎన్ఎస్ ఛేంజర్ అనే వైరస్ లక్షల కంప్యూటర్లలో ఆ చిరునామాలను మార్చింది. 2011 నవంబరులో దాన్ని నడిపిన ముఠాను పట్టుకున్న తర్వాత, కోర్టు అనుమతితో ముఠా సర్వర్ల స్థానంలో తాత్కాలికంగా నడిపిన మంచి సర్వర్లను 2012 జూలై 9న ఆపేసినప్పుడు, అప్పటికీ సరిచేసుకోని కంప్యూటర్లలో కొన్నిటికి ఇంటర్నెట్ ఆగిపోయింది. వాటి యజమానుల్లో ఎందరు తమ లైను చెడిందని అనుకుని ఉంటారో ఆలోచించండి. నాకు వచ్చిన రౌటర్‌లో అలాంటి మార్పు ఉందని నేను అనడం లేదు. దాని లోపల ఏముందో పూర్తిగా చూడనివ్వని పెట్టెను ఇంటి మొత్తానికీ దారిగా పెట్టుకోకూడదని అంటున్నాను.

ఈ తంటాల మధ్యలో మరో ఉచ్చు కూడా ఎదురైంది. రౌటర్ తయారీ కంపెనీ సహాయ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనిపించిన ఒక నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తిన వ్యక్తి ‘మీ ఐపీ అడ్రస్ గడువు ముగిసింది, పునరుద్ధరణకు రుసుము కట్టాలి’ అని, ఫోన్‌లో స్క్రీన్ పంచుకునే యాప్ వేసుకోమన్నాడు. రౌటర్‌కు దొరికే ఐపీ అడ్రస్‌కు గడువు ఉండే మాట నిజమే, కాని దాన్ని రౌటర్ దానంతటదే, ఎవరూ అడగకుండా, పొడిగించుకుంటుంది. దానికి రుసుము అడిగేవారు మోసగాళ్లే. ఫోన్ పెట్టేశాను. సహాయ నంబరును పెట్టెలో వచ్చిన కాగితం మీద గాని, తయారీ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో గాని మాత్రమే చూడండి.

మీ చేతికి కొత్త రౌటర్ వస్తే పెట్టె విప్పేటప్పుడే వీడియో తీయండి. పెట్టె మీది సీరియల్ నంబరు, రౌటర్ అడుగున ఉన్నది, లాగిన్ పేజీలో కనిపించేది, మూడూ ఒకటేనా అని ఆ రోజే కలిపి చూసుకోండి. ఆ నంబరును తయారీ కంపెనీ వారంటీ పేజీలో కొట్టి చూడండి. నా రౌటర్ పై స్టిక్కర్ నంబరును ఆ పేజీ గుర్తించనే లేదు. అడాప్టర్ మీది వోల్టేజీ రౌటర్ మీద రాసినదానితో కలుస్తోందా అని కూడా చూడండి. నాకు పన్నెండు వోల్టుల రౌటర్‌తో తొమ్మిది వోల్టుల అడాప్టర్ వచ్చింది, దాని సంగతి టెక్నీషియన్ చెప్పేదాకా నేను గమనించలేదు. సరైన అడాప్టర్ పెట్టినా నెట్ రాలేదు, అది వేరే విషయం. అన్నిటికంటే ముందు వ్యాన్ పేజీలో కనెక్షన్ రకాన్ని మార్చి సేవ్ చేసి చూడండి. మార్చనివ్వకపోయినా, రీసెట్ తర్వాత కంపెనీ పేరుతో కొత్త వైఫై పేరు వచ్చినా, ఇంకేమీ పరీక్షించకుండా ఆ గంటలోనే వాపసు పెట్టండి. అమ్మకందారుతో మాటలన్నీ వెబ్‌సైట్ చాట్‌లోనే జరపండి. ఫోన్‌లో ఇచ్చిన హామీకి ఆధారం మిగలదు.

నేను రెండు స్టిక్కర్ల ఫొటోలు, చాట్ కాపీలు, టెక్నీషియన్ రాసిచ్చిన కాగితం జతచేసి వెబ్‌సైట్‌కు ఫిర్యాదు పెట్టాను. గడువు ముగిసిందన్న జవాబే మళ్లీ వస్తే, ఇది పాడైన సరుకు కాదని, చెప్పిన సరుకు కాకుండా వేరే సరుకు పంపారని రాశాను. అప్పటి నుంచి పరిశీలనలో ఉందని చూపిస్తోంది. కొందరు దాన్ని వచ్చిన ధరకు అమ్మేయమన్నారు. అమ్మను, అలా చేస్తే అది ఇంకొకరి ఇంట్లో ఇదే పని చేస్తుంది. కింది స్టిక్కర్ బయటికి కనిపించేలా పెట్టెలో పెట్టి, ఫిర్యాదు తేలేదాకా అల్మారాలో ఉంచాను.