రోమ్ మానేసి చివితావెక్కియాలోనే ఉండిపోయాం

మా ఓడ ఇటలీలోని చివితావెక్కియా రేవులో ఆగేసరికి పొద్దున్న ఏడు. ఎవర్ని కదిపినా రోమ్ మాటే. అక్కణ్ణుంచి రోమ్ దాదాపు 80 కిలోమీటర్లు. బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర, దిగాక రాళ్లు పరిచిన వీధుల్లో నడక. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. "మీరిద్దరూ వెళ్లిరండమ్మా, నేను ఓడలో పడుకుంటా" అంది. నాకు మనసొప్పలేదు. అత్తయ్య, మా ఆయన, నేను, ముగ్గురం ఊళ్లోనే ఉండిపోయాం.

ఓడ దగ్గర్నుంచి లార్గో దెల్లా పాచే అనే బస్సులాగే చోటు దాకా ఉచిత బస్సు ఉంది. అక్కడ ఒక టాక్సీ అతను మీటరు వెయ్యకుండా ఏదో పెద్ద రేటు చెప్పాడు. వద్దనేసి, కూర్చుంటూ లేస్తూ సముద్రం పక్కనే నడిచాం.

ఈ రేవు కట్టించింది రోమన్ చక్రవర్తి ట్రాజన్, రెండో శతాబ్దం మొదట్లో. నీళ్ల పక్కనే నాలుగు మూలలా గుండ్రటి బురుజులతో కోట. 1508లో బ్రమాంతే అనే వాస్తుశిల్పి మొదలుపెట్టాడు. అక్కడి పెద్ద బురుజు పైభాగం మైకెలాంజెలో పని అంటారు, కోటకి ఆయన పేరే. బయట్నుంచే చూశాం, దానికే కడుపు నిండింది. పాత వీధులు మాత్రం ఎక్కువ మిగల్లేదు. 1943 బాంబు దాడుల్లో ఊరు చాలా దెబ్బతింది. చాలా ఇళ్లు ఆ తర్వాత కట్టినవే.

అత్తయ్య శాకాహారి, చీజ్ కూడా పడదు. మరినారా పిజ్జా అడిగితే చాలు: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. పైన కాస్త మిరపకాయ నూనె వేయించుకుని మొత్తం తినేసింది. ఆ ప్రయాణంలో ఆవిడ ఇష్టంగా తిన్న మొదటి భోజనం అదే.

జపాన్ అమరవీరుల చర్చికి మధ్యాహ్నం వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. మీరు పొద్దున్నే వెళ్లండి. మేం నీడ చూసుకుని కూర్చుని, సాయంత్రం తెరిచాక లోపలికి వెళ్లాం. 1597లో నాగసాకిలో శిలువ వేసిన 26 మంది క్రైస్తవుల పేర కట్టిన చర్చి ఇది. హసెకురా అనే సమురాయ్ యోధుడు 1615లో జపాన్ రాయబారిగా వచ్చి దిగింది కూడా ఈ రేవులోనే. 1950ల్లో లూకా హసెగావా అనే జపాన్ చిత్రకారుడు లోపలి గోడల మీద బొమ్మలు వేశాడు. ఎదురుగా పైన మేరీమాత, ఒంటి మీద జపాన్ వాళ్ల సంప్రదాయ దుస్తులు కిమోనో, చేతుల్లో బిడ్డ.

అత్తయ్య ముందు వరసలో కూర్చుంది. చాలాసేపు ఆ కిమోనో మడతల వంకే చూసింది.

"మన అమ్మవారికి మనం పట్టుచీర కట్టమూ? వాళ్ల తల్లికి వాళ్లు వాళ్ల బట్ట కట్టుకున్నారు," అంది.

ఐదున్నరకల్లా ఓడ ఎక్కాలి. మా ఆయన రెండుసార్లు గడియారం చూపించాక లేచింది. తిరుగు బస్సులో ఆ మేరీమాత ఫోటో విజయవాడలో ఉన్న మా ఆడపడుచుకి పంపించమని ఫోన్ నా చేతికిచ్చింది.